రెండో తాడు

అప్ప పోయిందన్న కబురు నాకు దువ్వాడలో, కాలేజీలో అందింది. ఆ రోజు మధ్యాహ్నం పరీక్ష. ఇన్విజిలేషన్‌కి వెళ్ళేముందు ఫోన్లు ఆఫీసులో పెట్టేసి వెళ్ళాలి. మూడు గంటలు గదిలో అటూ ఇటూ తిరిగి, పేపర్లు కట్టకట్టి అప్పజెప్పి, ఫోన్ తీసుకుంటే ఆవిడ కోడలి దగ్గర్నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. చేశాను. "అత్త ఎల్లిపోనాదమ్మా," అంది ఆ అమ్మాయి. "నీకు అందుకే సేసినాం. తలుపు కోసం," అంది. ఇంకేమీ అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మీలో చాలామందికి ఆవిడెవరో తెలియదు. భీమిలి వెళ్ళే రోడ్డు మీద నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే బస్సులో వెళ్ళినవాళ్ళు మాత్రం చూసే ఉంటారు. ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు కొంతమంది వరసగా నిలబడి ఉంటారు. అందరి చేతుల్లోనూ ఒకే పొడుగాటి తాడు. పక్కనే నేల మీద ఇంకో తాడు, ఎవరూ పట్టుకోకుండా. నినాదాల్లేవు, జెండాల్లేవు, మైకు లేదు. ఏదో షూటింగనుకుని కొందరు బస్సు కిటికీల్లోంచి సెల్‌ఫోన్లు బయటపెట్టేవాళ్ళు. ఆ వరస చివర్న, పొట్టిగా, కొంగు నడుముకి బిగించి, ముందు మనిషి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డావిడే అప్ప.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా అపార్ట్‌మెంట్ల గోడకి అవతల మత్స్యకారుల పేటలో ఉండేది. నలభై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. నేనేమో వ్యవసాయం ఇంటి నుంచి చదువుకుని పట్నం వచ్చి, యాస దాచుకుని, పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేదాన్ని. మొదట్లో ఒకరోజు మెత్తబడ్డ చేప అంటగట్టబోతే నాకు ఒళ్ళు మండి "ఏటిది?" అన్నాను. ఆవిడ తట్ట దించి మరీ నవ్వింది. "అదీ! ఇప్పుడు మాటాడినావు మనిసిలాగ," అంది. ఆ చేప పక్కన పడేసి మంచిది తీసిచ్చింది.

ఆవిడ ఆ తాడు పట్టుకుని ఎందుకు నడిచిందో చెప్పాలంటే మా గోడ గురించి చెప్పాలి. గోడ గురించి చెప్పాలంటే నా గురించి చెప్పక తప్పదు.

సముద్రం, ఒడ్డున పేట, పేట వెనక మా అపార్ట్‌మెంట్లు, మా ముందు పెద్ద రోడ్డు. మా అపార్ట్‌మెంట్లు రాకముందు పేట నుంచి రోడ్డుకి ఒక సందు ఉండేది. తట్ట నెత్తినెత్తుకున్న ఆడవాళ్ళు ఐదు నిమిషాల్లో బస్‌స్టాపులో ఉండేవాళ్ళు. మేం కాపురాలు పెట్టాక ఆ సందులోంచి చేపల వాసన వస్తోందనీ, ఎవరెవరో తిరుగుతున్నారనీ, మా పిల్లల సైకిళ్ళకి అడ్డమనీ అసోసియేషన్ మీటింగులో అన్నారు. గోడ కట్టాలని తీర్మానం రాశారు. ఆ ఏడు జాయింట్ సెక్రటరీని నేనే. తీర్మానం ఇంగ్లీషులో బాగా కుదరాలని నా చేతే రాయించారు. రాశాను, కింద సంతకం పెట్టాను. ఒక్క వాక్యంలోనైనా తప్పుందేమోనని రెండుసార్లు చదువుకున్నాను కూడా. నెల తిరక్కుండా గోడ లేచింది. ఆ తర్వాత పేటవాళ్ళు రోడ్డెక్కాలంటే గోడ చుట్టూ, రాళ్ళ మీదుగా, మురుగు కాలవ దాటుకుని అరగంట.

మరుసటి చలికాలం చిత్రకళ చదువుకునే విద్యార్థులు అయిదుగురు పేటకి వచ్చారు. నడకే కళ అన్నారు. చూసేవాళ్ళు వేరు, చేసేవాళ్ళు వేరు కాదు, అందరూ కలిసి నడిస్తే ఆ నడకే ఊరు అడిగే ప్రశ్న అవుతుంది అన్నారు. పేటవాళ్ళు అలివి వల లాగడం వాళ్ళకి బాగా నచ్చింది. అలివి వల అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేస్తారు. ఒడ్డున జనం తాడు పట్టుకుని, సముద్రం వైపే చూస్తూ, అడుగడుగూ వెనక్కి వేస్తూ లాగుతారు. చివరికి చేరిన మనిషి తాడొదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి ముందు పట్టుకుంటాడు. వల లేకుండా ఉత్త తాడు పట్టుకుని, సముద్రం నుంచి గోడ దాకా, గోడ చుట్టూ తిరిగి అపార్ట్‌మెంటు గేటు దాకా లాగుదాం అన్నారు ఆ పిల్లలు. దారి పోయిన జాగాలో దారిని లాగడం అన్నమాట. కొత్త తెల్ల తాడొకటి తెచ్చుకున్నారు.

అందరూ గుమిగూడి వింటుంటే అప్ప ఒక్కర్తే అడిగిందట. "ఒక్క తాడే తెచ్చినారేటి?"

పిల్లలకి తెలియదు. అలివి వలకి రెండు తాళ్ళు. రెండు జట్లు, ఒకదానికొకటి బాగా దూరంగా నిలబడి లాగడం మొదలుపెడతాయి. లాగే కొద్దీ అడుగడుగూ పక్కకి జరుగుతూ దగ్గరౌతాయి. వల ఒడ్డుకి చేరేసరికి రెండు జట్లూ భుజం భుజం ఆనించి నిలబడతాయి. ఒకవైపే లాగితే వల వంకర తిరిగి, పడ్డ చేపంతా రెండోవైపు నుంచి బయటికి పోతుంది. "ఒక్క తాడుతో వలొస్తాదేట్రా? ఆ పక్కోళ్ళు లాగకపోతే నువ్ సచ్చీదాకా లాగినా ఉత్త నీళ్ళే," అని, అప్ప ఇంట్లోకి వెళ్ళి తన మొగుడు బతికుండగా లాగిన పాత కొబ్బరి తాళ్ళు రెండూ పట్టుకొచ్చింది. తెల్ల తాడు పిల్లలకే ఇచ్చేసింది. "ఒకటి మనం పట్టుకుందాం. రెండోది ఆ మేడలోళ్ళది. గేటుకాడ పెడదాం. దిగొచ్చి పట్టుకుంటారు," అంది.

ఆ పిల్లలు ఒక ఆదివారం నడిపించారు. ఫొటోలు తీసుకున్నారు, పేపర్లో పడింది, మార్కులు కూడా బాగానే వచ్చి ఉంటాయి. మళ్ళీ రాలేదు. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ పాఠం అయిపోయింది. అప్ప పాఠం అవ్వలేదు. పై నెల మొదటి ఆదివారం తాళ్ళు సముద్రంలో తడిపి భుజానేసుకుని ఇంటింటికీ వెళ్ళి "లాగుడుకి రండి," అని పిలిచింది. ఆ పై నెలా పిలిచింది. ఏడేళ్ళు పిలిచింది.

మొదటి రెండేళ్ళూ నేను మూడో అంతస్తు బాల్కనీలోంచి చూశాను. చేతిలో కాఫీ గ్లాసు కూడా ఉండేది, ఆ సంగతి దాచడం దేనికి. వాళ్ళు గేటు ముందుకొచ్చి, రెండో తాడు కొస మా గేటు కింద నుంచి జానెడు లోపలికి తోసి, గంటసేపు నిలబడేవాళ్ళు. మా వాచ్‌మన్ కాలితో ఆ కొస మళ్ళీ బయటికి తోసేవాడు. "ఆవిడకి వేరే పన్లేదాండీ?" అనేవారు మా ప్రెసిడెంటు గారు. నేను నవ్వేదాన్ని. ఒక ఆదివారం గంట అయిపోయాక అప్ప తాడు చుట్టుకుంటూ పైకి చూసింది. గోడ తీర్మానం నేనే రాశానని ఆవిడకి తెలుసు, పేటంతా తెలుసు. తిట్టలేదు. చెయ్యూపింది. రేపు ఏ చేప తేవాలని అడుగుతున్నట్టు మామూలుగా ఊపింది. ఆ చెయ్యూపడం నాకు తిండి సయించనివ్వలేదు. పై నెల దిగాను.

గేటు దగ్గర రెండో తాడు పట్టుకునే ధైర్యం లేదు. మావాళ్ళంతా చూస్తారు. చుట్టూ తిరిగి పేటలోకి వెళ్ళి, మొదటి తాడు పట్టుకున్నాను. అలా దొంగచాటుగా మొదలైంది నా పౌరధర్మం.

వెనక్కి నడవడం నేను అనుకున్నంత తేలిక కాదు. ఇసకలో మడమ ఎక్కడ దిగుతుందో తెలియదు. నాలుగడుగులకే తూలాను. అప్పుడు వీపు మీద చెయ్యి పడింది, అరచేయంతా ఆనించి. "ఎనక నానున్నాను, నువ్ లాగు," అంది అప్ప. అదే అక్కడి పద్ధతి. ఎవరికీ తన వెనక ఏముందో కనపడదు. వెనక మనిషి చెయ్యి ఎటు తోస్తే అటు నడవడమే. అందరి వెనకా అప్ప. వరసలో ఎంతమందున్నారో ఆవిడ వీపులు తట్టే లెక్కపెట్టుకునేది. ఒకసారి అడిగాను, మరి నీ వెనక ఎవరప్పా అని. "నా ఎనక మీ గోడున్నాది కదా! పడనిత్తాదేటి?" అని పకపకా నవ్వింది.

నడుస్తున్నంతసేపూ ఒక్కొక్కరూ తమ అడుగు పడ్డచోట ఒకప్పుడు ఏముండేదో పైకి చెప్పాలి. "ఇక్కడ వలలు ఆరబెట్టీవోళ్ళం." "ఇక్కడ మాయమ్మ తట్ట దించుకునీది." "ఇక్కడ కొళాయి." "ఇక్కడ నాకు పెళ్ళి సూపులైనాయి, నిలబెట్టే సూసీసినారు." నవ్వేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, రెండూ కలిసిపోయేవి. గోడ దగ్గరికొచ్చాం. నా వంతు. "ఇక్కడ నేను సంతకం పెట్టాను," అన్నాను. వీపు మీద చెయ్యి తియ్యకుండానే అప్ప అంది, "గట్టిగా సెప్పు సెల్లీ. ముందరోళ్ళకి ఇనపడ్నేదు."

ఆ రోజు నుంచి నేను మేడమ్‌ని కాదు, సెల్లిని.

ఎండిన తాడు పట్టుకోనిచ్చేది కాదు ఆవిడ, చెయ్యి కోసేస్తుందని. మా ఇంటికి ఎప్పుడొచ్చినా కాళ్ళకున్న ఇసక కొంగుతో దులుపుకుని మెట్ల మీదే వచ్చేది. లిఫ్టంటే పడదు. "పెట్టిలో పెట్టీడానికి నానేటి ఎండుసేపనా?" అనేది. టీ ఇస్తే మూడు గుక్కల్లో తాగేసి గ్లాసు కడిగే పెట్టేది, నేను వద్దన్నా వినేది కాదు. కలెక్టరాఫీసు నుంచి మునిసిపాలిటీ దాకా నేను రాసిన అర్జీలన్నీ పట్టుకుని తిరిగింది. చదవడం రాదు. కాగితం మడత పడకుండా బ్లవుజులో కాకుండా తట్టలో, పైన ప్లాస్టిక్ కవరు వేసి పెట్టుకునేది. ఒక ఆఫీసరు ముక్కు మూసుకుని ఆ కాగితం పుచ్చుకున్నాడట. ఆ సంగతి చెప్పి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏడేళ్ళలో గోడలోంచి ఒక్క ఇటుక ఊడలేదు. మొదట్లో నలభైమంది వచ్చేవాళ్ళు. తర్వాత పాతిక. కుర్రాళ్ళు ఫ్యాక్టరీలకీ గోపాలపట్నం షాపులకీ పన్లకి వెళ్ళిపోయారు, ఆదివారం కూడా డ్యూటీలే. అలివి వల లాగడమే ఆ ఒడ్డున ఆగిపోయింది. చివరికి ఆరుగురం. ఆరుగురు ఒక తాడు పట్టుకుంటే అది వరసలా ఉండదు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి జాలి కూడా వెయ్యదు. "ఎందుకప్పా ఇంక?" అన్నాను. "తాడు ఒగ్గీడం ఎంతసేపు సెల్లీ! ఒగ్గీసినాక మళ్ళీ పట్టుకోడానికి అదుండదు, సముద్రంలోకి ఎల్లిపోద్ది," అంది. రెండో తాడుని మాత్రం ఏ నెలా మర్చిపోలేదు. ఒక్క చెయ్యీ పడకుండా ఏడేళ్ళు అది మా గేటు ముందు పడుకుంది. నా చెయ్యి కూడా పడలేదు.

రెండేళ్ళ కిందట అసోసియేషన్‌తో పోట్లాడి, రాజీనామా చేస్తానని బెదిరించి, నేనొకటి సాధించాను. పాత సందు ఉన్నచోట గోడకి ఒక చిన్న ఇనప తలుపు. నెలకోసారి, మొదటి ఆదివారం, ఒక్క గంట తెరుస్తారు, తాడు మా ఆవరణలోంచి రోడ్డుకి పోవచ్చు. మిగతా రోజులు తాళం. నాకు ఏనుగెక్కినంత సంబరం. అప్ప తలుపు మీద చెయ్యి పెట్టి కిందికీ పైకీ చూసి, "తలుపు బాగున్నాది. తాళం కూడా ఇయ్యి సెల్లీ, నాకాడుంటాది," అంది. కమిటీ ఒప్పుకోదప్పా అన్నాను. వాచ్‌మన్ దగ్గరుంటే ప్రెసిడెంటు గారు ఏ ఆదివారమో తియ్యొద్దంటారని, మంచికేనని, తాళంచెవి నా గుత్తిలో వేసుకున్నాను. ఉన్నది ఒకటే చెవి. మారుచెవి చేయించి రహస్యంగా ఇస్తానని అప్పకి మాటిచ్చాను. గోపాలపట్నం మార్కెట్లో తాళాలవాడి ముందు నుంచే రోజూ నా కాలేజీ బస్సు వెళ్ళేది. వచ్చే వారం చేయిద్దాం అనుకున్నాను. రెండేళ్ళు వచ్చే వారమే అనుకున్నాను. అప్ప రెండుసార్లు అడిగి మూడోసారి అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ గుండె పట్టుకుని కూలబడిందట. ఆటో మా రోడ్డు మీదే ఉంది. తలుపు దాకా రెండు నిమిషాలు. తలుపు బాదారు. లోపల్నుంచి వాచ్‌మన్, "తాళం మేడమ్ దగ్గరుందయ్యా," అన్నాడు. మేడమ్ దువ్వాడలో, పిల్లలు కాపీ కొట్టకుండా కాపలా కాస్తోంది. గుత్తి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆఖరికి నులక మంచం మీద పడుకోబెట్టి, గోడ చుట్టూ, రాళ్ళ మీదుగా, కాలవ దాటించి మోసుకెళ్ళారు. ఆసుపత్రికి చేరేసరికి లేదు. అరగంట ముందొస్తే బతికేదా అని నేను డాక్టర్ని అడగలేదు. అడిగే ధైర్యం ఈ జన్మలో రాదు.

"తాళం పగలగొట్టకపోయారా తల్లీ!" అని కోడల్ని పట్టుకుని ఏడ్చాను.

"మాయాయన గునపం ఎత్తినాడమ్మా. అత్తే ఒద్దన్నాది. 'సెల్లి అందరితో దెబ్బలాడి ఏయించినాది. ఇరగ్గొడితే ఆల్లు మళ్ళీ గోడెట్టీత్తారు. బేగి సుట్టూ తీసుకెల్లిపోండి,' అన్నాది."

అవే ఆవిడ చివరి మాటలు. ఇవి రాయకుండా ఉండాలని ఈ వ్యాసం రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. ఆవిడ నా తలుపుని కాపాడింది.

పాడె కట్టడానికి ఇంట్లో గట్టి తాడు వేరే లేకపోయింది. మొదటి తాడు కోసేశారు. మోసేవాళ్ళు దారిలో భుజం మార్చుకునేటప్పుడు, వెనకవాళ్ళు తప్పుకుని ముందుకెళ్ళి పట్టుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ముగ్గురు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఆ కిందే ఎవరో మంచినీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారని అడిగారు.

తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఆరింటికల్లా తలుపు తీసి కూర్చున్నాను. ఏడైనా ఎవరూ రాలేదు. పేటలోకి వెళ్ళాను. కోడలు రొయ్యల షెడ్డు బస్సుకి తయారై ఉంది. "నాను రానేనమ్మా, డూటీ. ఇంక ఎవులొత్తారు?" అంటూ మేకుకి వేలాడుతున్న రెండో తాడు తీసి నా చేతిలో పెట్టింది. ఆ తాడు నా చేతికి రావడం అదే మొదలు. ఏడేళ్ళు నేల మీద పడుకున్నా ఇంత బరువుందని నాకు తెలియదు.

నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి తడిపాను. ఒక కొస అలల్లో వదిలి, సముద్రానికి ఎదురుగా నిలబడి, వెనక్కి అడుగు వేశాను. ఇక్కడ వలలు ఆరబెట్టేవాళ్ళు, అన్నాను. ఇక్కడ కొళాయి. వాళ్ళ మాటలన్నీ నేనే చెప్పుకుంటూ నడిచాను. ఇళ్ళ మధ్య నుంచి ఒక ముసలాయన చూసి తల తిప్పుకున్నాడు. ఇక్కడ అప్ప నన్ను పట్టుకుంది, అన్నాను. వీపు మీద చెయ్యి పడుతుందని ఒళ్ళంతా కాచుక్కూర్చుంది. లేదని తెలుసు, అయినా ప్రతి అడుక్కీ ఒక క్షణం ఆగాను. ఇంకెంత, తలుపు వెనకే ఉంటుంది, తీసే పెట్టాను కదా, అనుకుంటూ అడుగు వేశాను.

వీపుకి గోడ తగిలింది. తలతిప్పి చూస్తే తలుపు నాలుగడుగుల అవతల, బార్లా తెరిచి ఉంది.